చంటిబిడ్డ ఉన్న ఇల్లు: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏడాదిలోపు పిల్లలున్న ఇళ్ళ నుంచే వచ్చాయి. రోజంతా బిడ్డతో ఎలా గడపాలి, సెలవు రోజున ఎక్కడికి తీసుకెళ్ళాలి, మాకంటూ కాస్త తీరిక ఎప్పుడు దొరుకుతుంది అని అడిగారు. చాలా సంతోషం వేసింది. బిడ్డ పుట్టిన ఇంటికి వచ్చిన వాళ్ళంతా బరువెంత, పాలు సరిపోతున్నాయా అని అడుగుతారు గానీ మీరంతా సరదాగా ఉంటున్నారా అని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వారం పేజీ మొత్తం ఈ ప్రశ్నలకే ఇచ్చేశాను.

ప్రశ్న: మా పాపకు అయిదో నెల. పుట్టింటి నుంచి ఈమధ్యే అత్తవారింటికి వచ్చాను. మావారు పొద్దున వెళ్తే రాత్రికి గానీ రారు. పాప మెలకువగా ఉన్నంతసేపూ ఏం చేయాలో తోచడం లేదు. బొమ్మలు కొన్నాం, రెండు నిమిషాలు చూసి వదిలేస్తుంది. టీవీ పెడితే మాత్రం కదలకుండా చూస్తుంది. రోజుకో యాక్టివిటీ చేయించాలని ఫోన్‌లో అందరూ చెబుతుంటే నేనేమీ చేయించట్లేదని టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, అయిదో నెల పాపకు యాక్టివిటీ అంటూ విడిగా ఏమీ అక్కర్లేదు, మీరు ఇంట్లో చేసుకునే పనులే దానికి కావలసినంత కాలక్షేపం. తిరిగే ఫ్యాను, కిటికీ చువ్వల నీడ, కుక్కర్ విజిల్, గోడ మీద వాలిన కాకి, మీరు రోజూ చూసి చూసి పట్టించుకోవడం మానేసినవన్నీ పాపకు ఇప్పుడిప్పుడే తెలుస్తున్నాయి. మీరు కూరలు తరిగేటప్పుడు పొయ్యికీ కత్తిపీటకీ దూరంగా, మీ మొహం కనబడేలా చాప వేసి దాని మీద బొంత పరిచి పడుకోబెట్టండి. 'ఇదిగో బీరకాయ, ఎంత పొడుగ్గా ఉందో చూడు, నాన్నకు దీని పొట్టు పచ్చడంటే ప్రాణం' అని మాట్లాడుతూనే ఉండండి, ఎవరైనా వింటే నవ్వుతారేమో అన్న మొహమాటం వద్దు. పాప మీ పెదాల వంకే చూస్తుంది, కాసేపటికి తనూ 'ఊఁ' అంటుంది. అప్పుడు మీరు ఆగి అది చెప్పేదంతా చెప్పనిచ్చి మళ్ళీ అందుకోండి. ఒకరు మాట్లాడితే ఇంకొకరు వినడం అలాగే అలవాటవుతుంది, మాటలు వచ్చే దారి కూడా అదే.

ఇక ఈ వయసులో తప్పకుండా చేయాల్సింది బోర్లా పడుకోబెట్టి ఆడించడం. ఇంకా పాకని పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంతా ఒకే దఫాలో అవ్వాలని లేదు, మూడేసి నిమిషాలు, అయిదేసి నిమిషాలు చొప్పున ఎన్నిసార్లయినా చేయొచ్చు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు, కక్కేస్తుంది. మీరు కూడా ఎదురుగా నేల మీద బోర్లా పడుకుని చేతికి అందీ అందనంత దూరంలో ఒక స్టీలు గ్లాసు పెట్టండి. అందులో తన మొహం వంకరగా కనబడుతుంది, దాని కోసం మెడ ఎత్తుతుంది, చెయ్యి చాపుతుంది, గ్లాసు దొర్లిపోతుంది, కోపం వస్తుంది, మళ్ళీ చాపుతుంది. కొన్న బొమ్మల్ని పక్కన పడేసే పిల్లలు గ్లాసు, చెక్క గరిటె, ఉతికిన తువ్వాలు పట్టుకుని ఎంతసేపైనా ఆడతారు. కొందరు ప్లాస్టిక్ డబ్బాలో పప్పులు పోసి గిలక్కాయ చేసి ఇస్తారు, అది మాత్రం వద్దు, మూత ఊడిందంటే పప్పులు గొంతులోకి పోతాయి. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలానే పడుకోబెట్టాలి, బోర్లా వేయడం మెలకువలో, మీ కళ్ళ ముందే.

టీవీ కట్టేయండి. మొదటి ఏడాది తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, రెండేళ్ళ దాకా వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. కదలకుండా చూస్తోందంటే నచ్చిందనుకోకండి, గబగబా మారిపోయే ఆ వెలుగుల మీంచి చూపు తిప్పుకోవడం ఆ వయసులో కష్టం. ఆడుతూ ఆడుతూ మొహం పక్కకు తిప్పేసుకున్నా, కళ్ళు నలుపుకున్నా ఇక చాలని అర్థం, అప్పుడు ఊరికే ఎత్తుకుని కూర్చోండి. ఎండ తగ్గాక గోదావరి గట్టుకో, వీధి చివరిదాకానో రోజూ తిప్పుకురండి, మీకూ గాలి మారుతుంది. అన్నట్టు పాప బోర్లా పడిన రోజున బొబ్బట్లు చేసి పంచే ఆనవాయితీ ఉందిగా, చేసే ఓపిక లేకపోతే స్వీట్ల కొట్లో కొనైనా సరే చుట్టుపక్కల నాలుగిళ్ళకూ మీ చేత్తో ఇచ్చి రండి. కొత్త ఊళ్ళో పగలంతా ఒంటరిగా ఉంటున్నారు, తలుపు తట్టి పలకరించే మనుషులు మీకు చాలా అవసరం.

ప్రశ్న: మనవడికి మూడో నెల. నేను ముగ్గురు పిల్లల్ని పెంచిన దాన్ని. కోడలు సాంబ్రాణి వద్దంటుంది, కాటుక వద్దంటుంది, చెవిలో నూనె చుక్క వేయనివ్వదు. మొన్న కాస్త తేనె నాకించబోతే చేతిలోంచి లాక్కుంది. నీళ్ళు పోయడం ఒక్కటే నాకు వదిలిపెట్టింది. ఇక ఆ ఇంట్లో నేనెందుకు?
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: అక్కయ్యగారూ, ముగ్గుర్ని పెంచిన చేతుల్ని వద్దంటే ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మీరు రాసిన నాలుగింటిలోనూ మీ కోడలు చెప్పిందే సరైనది. అన్నింటికన్నా ముఖ్యం తేనె సంగతి. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. మన పేగుల్లో అవి ఏమీ చేయలేవు గానీ ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, బిడ్డ ఒళ్ళంతా వాలిపోతుంది, పాలు తాగలేడు, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. బొట్యులిజం అంటారు. అరుదుగా వచ్చే జబ్బే, కానీ ఒక్క చుక్క తేనె కోసం అంత ప్రమాదం ఎందుకు చెప్పండి? ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మీ తెనాలి ఎండల్లో అయినా సరే, కావలసిన నీళ్ళన్నీ పాలలోనే ఉంటాయి.

సాంబ్రాణి పొగ మూడు నెలల ఊపిరితిత్తులకు మంచిది కాదు, తల ఆరడానికి మెత్తటి పాత నూలు చీర ముక్కతో అద్దితే చాలు. కాటుక కంట్లో పెడితే పుసులు కడతాయి, పైగా బజార్లో అమ్మే కాటుకల్లో సీసం ఉన్నవీ ఉంటాయి. దిష్టి చుక్క మానేయక్కర్లేదు, అరికాల్లో పెట్టండి, ఇప్పుడప్పుడే వాడి చెయ్యి అక్కడికి అందదు. చెవుల్లో, ముక్కులో నూనె మన చిన్నప్పుడు అందరూ వేశారు, నిజమే. కానీ ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము చేస్తుంది. అప్పుడు అందరికీ ఏమీ కాలేదన్న మాట మనం బతికి ఉన్నాం కాబట్టి అనగలుగుతున్నాం, ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో చంటిపిల్లలు పోయారో మీకూ గుర్తుండే ఉంటుంది.

ఇక కోడలు మీకు వదిలిపెట్టిన పని చిన్నదేం కాదు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లాణ్ణి ఆ కాళ్ళ మధ్య పల్లంలో పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాసి, తొడల నుంచి పాదాల దాకా చెయ్యి జార్చడం ఈ రోజుల్లో అమ్మాయిల్లో చాలామందికి చేతకాదు, అడిగితే జారిపోతాడేమోనని భయమంటారు. నూనె రాస్తున్నప్పుడు వాడు మీ కళ్ళల్లోకి చూస్తాడు, మీరు ఒక్కో వేలూ పట్టుకుని పేరు పెట్టి పిలుస్తుంటే కాళ్ళు తపతపా కొడతాడు. నీళ్ళ వేడి మోచేత్తో చూడండి. నలుగు గట్టిగా రుద్దకండి, ముక్కు సాగదీయడం, రొమ్ములు పిండడం అసలు చేయకండి. చివరి చెంబు నీళ్ళు దిగదుడిచి 'శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు' అనడం మాత్రం మానకండి. ఆ పని అయ్యాక పిల్లాడు ఎంత గాఢంగా నిద్రపోతాడో, ఆ గంటన్నర మీ కోడలికి ఎంత తెరిపో ఆ అమ్మాయినే అడగండి, చెబుతుంది.

ఆరు నెలలు నిండాక అన్నప్రాశన అయిన మర్నాటి నుంచి ఉగ్గు పని మీరే తీసుకోండి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, విసిరి, పల్చగా కాచి నెయ్యి చుక్క వేసి పెట్టడం మీకు నేను చెప్పాలా? ఏడాది దాకా అందులో ఉప్పు, పంచదార వద్దు. ఉగ్గు గిన్నెతో పడుకోబెట్టి నోట్లో పోయకుండా కూర్చోబెట్టి చెంచాతో పెట్టండి.

ఈ పేజీ చదివే కోడళ్ళకూ ఒక మాట. అత్తగారి చేతిలోంచి లాక్కునే బదులు వచ్చే టీకాకు ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్ళండి, అడగాల్సినవన్నీ ఆవిణ్ణే డాక్టరుగారిని అడగనివ్వండి. అదే మాట డాక్టరుగారి నోటి నుంచి వింటే ఆవిడకు తలకొట్టేసినట్టు ఉండదు, మీ ఇంట్లో గొడవా ఉండదు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. ఇద్దరం ఉద్యోగస్తులం. ఇదివరకు ఆదివారమంటే సినిమా, మాల్, బిర్యానీ. ఇప్పుడు మాల్‌కు తీసుకెళ్తే అరగంటలో ఏడుపు లంకించుకుంటాడు, అందరూ మావైపే చూస్తారు. ఇంకో మూడేళ్ళు ఇంట్లో కూర్చోవాల్సిందేనా? బండి మీద తిప్పొచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఇంట్లో కూర్చోవద్దు బాబూ, వెళ్ళే చోటూ వెళ్ళే టైమూ మార్చుకోండి. సాయంత్రం ఆరింటికి చంటిపిల్లలు అలిసిపోయి ఉంటారు, సరిగ్గా ఆ వేళప్పుడు లైట్లూ, మ్యూజిక్కూ, జనమూ ఉన్నచోటికి తీసుకెళ్తే ఏడవక ఏం చేస్తాడు? సినిమా హాలు అసలే వద్దు, ఆ సౌండ్ వాడి చెవులకు ఎక్కువ. మీకు సినిమా చూడాలనుంటే బాబును అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచి మ్యాట్నీకి వెళ్ళిరండి, ఆ దారి లేకపోతే ఒక వారం మీరు, ఒక వారం ఆవిడ ఫ్రెండ్స్‌తో వెళ్ళండి.

బాబుతో వెళ్ళడానికి ఆదివారం ఉదయాన్ని మించింది లేదు. ఏడున్నరకల్లా బయల్దేరితే కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు తేలిగ్గా వెళ్ళొచ్చు. లేదా మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి, పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. ఆ పూట రైలు ఖాళీగా ఉంటుంది, స్టేషన్లలో లిఫ్టులున్నాయి, బాబుకు రైలు ప్రయాణమే ఒక సరదా. దుప్పటి పరిచి గడ్డి అంచున కూర్చోబెట్టండి. మొదట గడ్డి తగిలితే కాళ్ళు పైకి లాక్కుంటాడు, కాసేపటికి వేలితో ఒక్కో పరకా పీకడం మొదలుపెడతాడు, ఎండుటాకు దొరికిందంటే నలిపి ఆ చప్పుడు వింటాడు. నోట్లో పెట్టుకోకుండా ఇద్దరిలో ఒకరు చూస్తూ ఉంటే చాలు, మీరు ఇంకేమీ ఆడించక్కర్లేదు. తొమ్మిదిన్నరకు ఎండెక్కే లోపు ఇంటికి తిరిగొచ్చేయండి, బిర్యానీ పార్సిల్ తెచ్చుకుని బాబు మధ్యాహ్నం నిద్రపోయాక ఇద్దరూ తీరిగ్గా తినండి. జూ పార్కుకు వెళ్ళాలనుకుంటే సోమవారం సెలవు, మరీ పెద్దది కూడా, అంతా చూడాలని పెట్టుకోకుండా ఏనుగులూ పక్షులూ చూసి వచ్చేయండి.

సంచిలో రెండు జతల బట్టలు, డైపర్లు, ఒక పాత తువ్వాలు, కాచి చల్లార్చిన నీళ్ళు, అరటిపండు, చెంచా ఉంటే సరిపోతుంది. స్ట్రోలర్ మీద ఎండ పడుతోందని గుడ్డ కప్పేస్తుంటారు చాలామంది, లోపల గాలాడక వేడి పెరిగిపోతుంది, నీడలో నడవడమే మంచిది. ఎనిమిదో నెలలో కొత్త మొహం చూస్తే బెదరడం మామూలే, ఎవరో చుట్టాలు కనబడి ఎత్తుకుంటామంటే బలవంతంగా చేతుల్లో పెట్టకండి. ఇక జనం చూస్తారనే దిగులు వదిలేయండి, ఆ చూసేవాళ్ళలో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్ళే, మిగతా సగం రేపు పెంచుతారు.

బండి గురించి గట్టిగానే చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లల్ని టూవీలర్ మీద తీసుకెళ్ళాలంటే పిల్లల సైజు హెల్మెట్ ఉండాలి, బిడ్డకు తొడిగి నడిపేవాళ్ళకు బిగించే సేఫ్టీ బెల్టు జాకెట్ ఉండాలి, స్పీడు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మీ బాబు ఆ వయసుకు కూడా రాలేదు, తలకు హెల్మెట్ మోసే మెడ బలం వాడికింకా లేదు. భార్య ఒళ్ళో చీరచెంగు చుట్టి కూర్చోబెట్టుకుని కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో వెళ్ళడం చూస్తే నాకు గుండె దడ వస్తుంది. వద్దు నాన్నా, ఆటోకు పెట్టే ఖర్చుకు వెనకాడకండి. కారుంటే వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు బిగించి అందులోనే కూర్చోబెట్టండి, ఎంత ఏడ్చినా ఒళ్ళోకి తీసుకోకండి, ఆగి సముదాయించి మళ్ళీ బయల్దేరండి.

ప్రశ్న: పాపకు ఏడో నెల నడుస్తోంది. నాకంటూ ఒక్క పావుగంట లేదు. మావారు మంచివారే, ఇంటికి రాగానే పాపను ఎత్తుకుంటారు, ముద్దు చేస్తారు, ఫొటోలు తీస్తారు, ఏడుపు మొదలుకాగానే 'ఆకలేమో చూడు' అని నా చేతిలో పెట్టేస్తారు. ఈమధ్య ఊరికే ఏడుపొస్తోంది. బంగారం లాంటి పాపను పెట్టుకుని ఇలా అనిపించడం తప్పేమో అనిపిస్తోంది.
– పేరు రాయలేదు, కరీంనగర్

జవాబు: తప్పు కాదమ్మా, అస్సలు కాదు. నిద్ర చాలక, కూర్చుని తినే వీలు లేక, ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడే వ్యవధి లేక ఆరేడు నెలలు గడిపిన ఏ మనిషికైనా ఏడుపొస్తుంది. మీరు మీ పాపను ప్రేమించడంలో ఏ లోటూ లేదు, లోటంతా మీకు దొరికే విశ్రాంతిలోనే ఉంది.

మీవారు చేస్తున్నది పాపతో ఆడుకోవడం, పాపను చూసుకోవడం వేరు. ఏడుపు మొదలయ్యాకే అసలు పని మొదలవుతుంది. అది ఆయనకు రాలేదంటే చేతకాక కాదు, ఎన్నడూ చేయనివ్వలేదు కాబట్టి. మీకు మాత్రం ఎవరు నేర్పారు? చేస్తూ చేస్తూనే కదా తెలిసింది, ఈ ఏడుపు నిద్రకు, ఈ ఏడుపు తడికి అని. ఆయనకూ అలాగే తెలుస్తుంది, కాకపోతే మొదటి వారం పది రోజులు పాప ఆయన దగ్గర ఎక్కువ ఏడుస్తుంది, మీరు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి లాక్కోకూడదు.

అందుకని మీరు పక్క గదిలో ఉండకండి, ఇల్లు దాటండి. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం ఒక పూట అని రోజులు ముందే అనుకోండి, 'వీలైతే చూద్దాం' అనుకున్నది ఎప్పటికీ జరగదు. బయల్దేరే ముందు పాలివ్వండి. ఏడో నెల కాబట్టి పాప ఉగ్గో, మెదిపిన అరటిపండో తింటుంది, అవి ఆయన్నే పెట్టమనండి, గోడ మీద పడినా, చొక్కా మీద పడినా ఆయనే తుడుచుకుంటారు. డైపర్ తిరగేసి వేసినా మీరు వచ్చి సరిచేయకండి, కారిపోతే రేపు ఆయనే సరిగ్గా వేస్తారు. వెళ్ళి ఏం చేయాలంటారా, మీ ఇష్టం. ఫ్రెండు ఇంటికి వెళ్ళి కబుర్లు చెప్పండి, గుడి మెట్ల మీద కూర్చోండి, వేడి మిర్చీబజ్జీ తినండి, పుట్టింటికి వెళ్ళి తలుపేసుకుని నిద్రపోండి. ఆ టైములో కూరగాయలు తేవడం, బట్టలు మడతపెట్టడం లాంటివి మాత్రం పెట్టుకోకండి, అవి ఇంటి పనులే.

ఆయనతో గొడవ రాకుండా ఎలా చెప్పాలని అడుగుతారేమో, అలిసిపోయి ఉన్న రాత్రివేళ ఎత్తకండి. పాప నిద్రపోతున్నప్పుడు ఈ ఉత్తరమూ జవాబూ ఆయన చేతికిచ్చి చదవమనండి. బాబూ, మీరు ఇది చదువుతుంటే మీకూ చెబుతున్నాను, మీ పాప మిమ్మల్ని చూసి నవ్వుతోంది, మీ భుజం మీద ఏడుపు ఆపుకోవడం కూడా నేర్చుకోనివ్వండి. అది తెలిసిన తండ్రికి పాపతో ఒంటరిగా బయటికెళ్ళే ధైర్యం వస్తుంది, అక్కడి నుంచి మీ ఇద్దరి సరదాలు మీకే మొదలవుతాయి.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉన్నా, పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆశ లేకపోయినా, పాపకో మీకో ఏదైనా చేసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాన్పు తర్వాత వచ్చే ఈ డిప్రెషన్ జబ్బే, మందులతో, కౌన్సెలింగ్‌తో నయమవుతుంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. అమ్మ ఆరు నెలలు ఉండి పోయిన నెల ఊరెళ్ళింది. పాపకు పదో నెల. రోజూ వీడియో కాల్ చేస్తాం. తెర చూపించకూడదంటున్నారు కదా, ఇది కూడా మానేయాలా? డేకేర్‌లో అంతా ఇంగ్లీషే, తెలుగు కూడా మాట్లాడితే పాపకు మాటలు ఆలస్యమవుతాయా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మానేయకండి. ఇందాక చెప్పిన పిల్లల డాక్టర్ల సంఘమే సొంతవాళ్ళతో వీడియో కాల్ చేయడాన్ని ఆ నిషేధంలో కలపలేదు, ఎందుకంటే అవతల అమ్మమ్మ పాప చేసేదాన్ని చూసి బదులిస్తుంది. కాకపోతే పాపను ఫోన్ ముందు కూర్చోబెట్టి మీరు గిన్నెలు కడుక్కోకండి, ఒళ్ళో పెట్టుకుని మీరూ కూర్చోండి. అమ్మతో ముందే చెప్పి ఉంచండి, 'తిన్నావా, ఎలా ఉన్నావ్' అని మీతో మాట్లాడటం తర్వాత, ముందు పాపతో చప్పట్లు, కొంగు చాటున మొహం దాచి 'బూ' అనడం. పాప చేతికి ఒక చెంచా ఇవ్వండి, అక్కడ అమ్మా ఒక చెంచా పట్టుకుంటుంది, ఒకరు కొడితే ఇంకొకరు కొడతారు. పది నిమిషాలు చాలు. మీ సాయంత్రం ఆవిడకు మర్నాటి ఉదయం కాబట్టి పాప స్నానమయ్యే వేళకు కాల్ పెట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది.

తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు ఆలస్యమవుతుందనే భయం వద్దు. చంటిపిల్లలు రెండు భాషలు ఒకేసారి నేర్చుకోగలరు, రెండూ కలిపితే వాళ్ళకు వచ్చిన మాటల లెక్క తోటివాళ్ళతో సమానంగానే ఉంటుంది. డేకేర్ ఇంగ్లీషు ఎలాగూ ఇస్తుంది, తెలుగు ఇవ్వగలిగింది మీ ఇద్దరే. అన్నం తినేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు పూర్తిగా తెలుగులోనే మాట్లాడండి, పూర్తి వాక్యాలు, 'బేబీ, లుక్, కాకి' అని కలపకుండా.

ప్రశ్న: పదకొండో నెలలో బాబు పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిద్దామనుకుంటున్నాం. రైల్లో వెళ్ళాలి. క్యూలో గంటలు గంటలు నిలబడటం తలచుకుంటేనే భయంగా ఉంది.
– ఒక జంట, ఖమ్మం

జవాబు: ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం దారి గుండా దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది, మామూలు క్యూలో గంటల తరబడి నిలబడనక్కర్లేదు. బాబు జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. ఏ వేళల్లో పంపుతున్నారో బయల్దేరే ముందు దేవస్థానం వాళ్ళను కనుక్కోండి, రద్దీ రోజుల్లో మారుస్తుంటారు. పండగ సెలవులు, శని ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో పెట్టుకుంటే ఇంకా సుఖం. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా వేయించాకే వెళ్ళండి, అంత జనంలోకి వెళ్తున్నారు.

రైల్లో అయిదేళ్ళలోపు పిల్లలకు విడిగా బెర్తు అక్కర్లేదనుకుంటే టికెట్ లేదు. కింది బెర్తు దొరికితే బాబును గోడవైపు పడుకోబెట్టండి. కిటికీ పక్కన రాత్రి గాలి కొడుతుంది, చెవులకు టోపీ వేస్తే చాలు, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేయకండి. తినడానికి ఇంట్లో చేసిన ఇడ్లీ, ఉడికించిన బంగాళదుంప మేలు, స్టేషన్లో కొన్నవి పెట్టొద్దు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పాలిస్తూ ఉండండి, మింగుతుంటే చెవులు దిబ్బడ వేయవు. కల్యాణకట్టలో మీ కళ్ళ ముందే కొత్త బ్లేడు వేయమని అడగండి. బాబుకు కడుపు నింపి తీసుకెళ్ళి, మీవారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుంటే త్వరగానే అయిపోతుంది. స్నానానికి వేడినీళ్ళు దొరికేలా గది ముందే చూసుకోండి, కొండ మీద పొద్దున చలి. దర్శనం అయ్యాక అదే రోజు పాపవినాశనం, ఆకాశగంగ అంటూ తిరగకండి, గదికి వచ్చి ముగ్గురూ పడుకోండి.

ప్రశ్న: పాపకు ఎనిమిది నెలలు. ఈసారి మొదటి భోగిపళ్ళు. పేరంటానికి ఇరవై మందిని పిలుస్తున్నాం. జాగ్రత్తలేమైనా చెప్పండి.
– ఒక అత్తగారు, భీమవరం

జవాబు: రేగుపళ్ళు, చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు, ఇవన్నీ ఎనిమిది నెలల పాప గొంతులో అడ్డుపడే సైజే. కాబట్టి పాప తల మీద పోసే పళ్ళెంలో బంతిపూల రేకులు, చేమంతి రేకులు, అక్షింతలు ఎక్కువగా కలిపి రేగుపళ్ళు, నాణేలు నాలుగే వేయండి, మిగతావి పేరంటాళ్ళకు తాంబూలంలో ఇవ్వండి. దిగదుడిచి పోసేటప్పుడు తలకు దగ్గరగా, మెల్లగా పోయమని ఒక్కొక్కరికీ చెప్పండి. పాపను కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టకుండా తల్లి ఒళ్ళోనే ఉంచండి, కిందపడ్డవి ఏరుకోవడానికి పెద్ద పిల్లలు మీదికి తోసుకొస్తారు. సాయంత్రం నిద్ర లేచి పాలు తాగాక మొదలుపెట్టి, పాప చిరాకు పడిందంటే మిగిలినవాళ్ళు అక్షింతలు వేసి దీవిస్తే సరిపోతుంది. అందరూ వెళ్ళాక సోఫా సందుల్లో, తివాచీ కింద చెయ్యి పెట్టి వెతికించండి, మర్నాడు పొద్దున పాకుతూ వెళ్ళి ఆ రేగుగింజను మొదట పట్టుకునేది పాపే.